మెదడు గడ్డకు రేడియేషన్: ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి

పెద్దవారి మెదడులో కేన్సర్ గడ్డలు రెండు దారుల్లో వస్తాయి. కొన్ని మెదడులోనే పుడతాయి. అంతకంటే ఎక్కువ భాగం ఊపిరితిత్తిలోనో రొమ్ములోనో పుట్టి నెత్తురు వెంట మెదడుకు చేరతాయి. మెదడులోనే పుట్టేవాటిలో గ్లయోమాలు ముఖ్యమైనవి, వాటిలో గ్లయోబ్లాస్టోమా అన్నిటికన్నా మొండిది. ఈ రెండు తెగలకూ రేడియేషన్ వాడతారు, కానీ మోతాదు, రోజుల లెక్క, ఆశించగల ఫలితం దేనికదే వేరు. గత నలభై ఏళ్ల పరిశోధనల్లో మోతాదు పెంచి సాధించింది స్వల్పం. ఎక్కడ తగ్గించవచ్చో, ఎవరికి ఆపి చూడవచ్చో తెలుసుకోవడం వల్ల కలిగిన మేలు చాలా ఎక్కువ.

పెన్నకు ఉత్తరపు ఒడ్డున నెల్లూరుకు ఎదురుగా ఉన్న కోవూరు వంటి ఊరికి ఈ తగ్గింపులు నేరుగా అక్కరకొస్తాయి. అక్కడా, చుట్టుపక్కల విడవలూరు, కొడవలూరు, బుచ్చిరెడ్డిపాళెం పల్లెల్లోనూ ఈ వైద్యాన్ని ‘కరెంటు పెట్టించడం’ అంటారు. మామూలు పద్ధతిలో అది సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చొప్పున 30 సిట్టింగులు, అంటే ఆరు వారాలు. రోగితోపాటు తోడుండే మనిషికీ ఆరు వారాల పని పోతుంది. ఎవరికి ఆ ఆరు వారాలు తప్పనిసరి, ఎవరికి మూడు వారాలు లేదా ఒక్క వారం చాలు, ఎవరికి అసలు అక్కర్లేదు అన్న ప్రశ్నకు ఇప్పుడు పరీక్షలు చేసి తేల్చిన జవాబులు ఉన్నాయి.

గ్లయోమాకు ఆపరేషను ఒక్కటే ఎందుకు చాలదో ముందు చూడాలి. దాని కణాలు గడ్డ అంచు దగ్గర ఆగవు. వరిచేలో తుంగను పైకి కనిపించినంత మేరా పీకేసినా నేలలో గడ్డలు మిగిలి మళ్లీ మొలిచినట్టు, ఎమ్మారైలో కనిపించని కణాలు చుట్టుపక్కల మెదడులో సెంటీమీటర్ల దూరం పాకి ఉంటాయి. అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ 1928లో కొందరు రోగులకు మెదడు కుడి సగాన్ని మొత్తంగా తీసేసిన సంగతి ప్రకటించాడు. అంత సాహసం చేసినా జబ్బు తిరగబెట్టింది. కత్తి చేరలేని చోట పని చేయడానికే రేడియేషన్ వచ్చింది. ఎక్స్‌కిరణాలు కణంలోని డీఎన్ఏను తెంచుతాయి. ఆరోగ్యంగా ఉన్న కణం గంటల్లో ఆ తెగిన చోట్లను చాలావరకు సరిచేసుకుంటుంది, కేన్సర్ కణానికి అంత నేర్పు ఉండదు. మోతాదును చిన్న చిన్న సిట్టింగులుగా విడగొట్టడం ఈ తేడాను వాడుకోవడానికే. కిలో కణజాలం ఒక జౌల్ శక్తిని గ్రహిస్తే అది ఒక గ్రే. మామూలు సిట్టింగులో ఇచ్చేది 1.8 నుంచి 2 గ్రే.

వీటన్నిటికీ ముందు ముక్క పరీక్ష ఉండాలి. ఫిట్స్ వచ్చి స్కానింగు తీయించిన మనిషి మెదడులో మచ్చ కనిపిస్తే అది కేన్సరే కానక్కర్లేదు. మన దేశంలో క్షయ గడ్డలు, పంది బద్దెపురుగు గుడ్లవల్ల వచ్చే సిస్టిసర్కోసిస్ తిత్తులు తక్కువేమీ కాదు. ఫిట్స్‌తో వచ్చే భారతీయుల మెదడులో కనిపించే చిన్న ఒంటరి మచ్చల్లో చాలావాటికి కారణం ఈ తిత్తులేనని వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ శస్త్రవైద్యులు, వారిలో వేదాంతం రాజశేఖర్, 1980ల చివర నుంచి వరసగా నిరూపించుకుంటూ వచ్చారు. అటువంటి మచ్చలు చాలావరకు వాటంతటవే కరిగిపోతాయి. అమెరికాలో రాయ్ ప్యాచెల్ 1990లో ప్రచురించిన పరీక్షలో, వేరే చోటి కేన్సర్ మెదడుకు పాకిందని స్కానింగు చూసి నమ్మిన 54 మందిలో ఆరుగురికి ముక్క పరీక్షలో అది కాదని తేలింది. గడ్డ ఉన్న చోటు మరీ ప్రమాదకరమై ముక్క తీయడానికి వీల్లేని కొద్దిమంది తప్ప, ముక్క పరీక్ష లేకుండా రేడియేషన్ మొదలుపెట్టడం సరైన వైద్యం కాదు.

ముక్క పరీక్షలో ఇప్పుడు సూక్ష్మదర్శిని కింద చూడడంతో పని తీరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం గ్లయోమా పేరు పెట్టడానికే జన్యు పరీక్షలు కావాలి. ఐడీహెచ్ జన్యువులో మార్పు ఉందా, 1పీ, 19క్యూ అనే క్రోమోజోము ముక్కలు రెండూ పోయాయా అన్నవి ముఖ్యం. ఐడీహెచ్ మార్పు లేని దుష్టగడ్డ గ్లయోబ్లాస్టోమా అవుతుంది. మార్పు ఉన్నది ఆస్ట్రోసైటోమా. మార్పుతోపాటు 1పీ, 19క్యూ రెండూ పోయినది ఆలిగోడెండ్రోగ్లయోమా. పైకి ఒకేలా కనిపించే రెండు గడ్డల్లో ఒకదానితో మనిషి ఏడాది, మరొకదానితో పదిహేనేళ్లు బతకవచ్చు. రేడియేషన్ ఎప్పుడు ఇవ్వాలన్నదీ ఈ ఫలితం మీదే ఆధారపడి ఉంటుంది.

గ్లయోబ్లాస్టోమాకు రేడియేషన్ పనిచేస్తుందని గట్టిగా తేలింది 1970లలోనే. అమెరికాలోని బ్రెయిన్ ట్యూమర్ స్టడీ గ్రూపు ఆపరేషను అయిన రోగులను నాలుగు గుంపులుగా చేసి చూసింది. ఊరట చికిత్స మాత్రమే పొందినవారిలో సగం మంది 14 వారాలు దాటలేదు. కార్ముస్టిన్ అనే మందు తీసుకున్నవారికి అది 18.5 వారాలు. రేడియేషన్ పొందినవారికి 35 వారాలు. రెండూ కలిపినా ఇంచుమించు అంతే. 1978లో ప్రచురించిన ఈ లెక్క తరువాత రేడియేషన్ ఇవ్వాలా వద్దా అన్న చర్చ ముగిసి, ఎంత ఇవ్వాలన్నది మొదలైంది. 1979లో అదే గ్రూపు 50 గ్రేకు 28 వారాలు, 55కు 36, 60కి 42 అని చూపింది. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1991లో 45 గ్రేను 60తో పోల్చి 9 నెలలు, 12 నెలలు అని చెప్పింది. సహజంగానే 70 ఇస్తే ఇంకా మేలనుకున్నారు. ఇచ్చి చూశారు, ఆయుష్షు పెరగలేదు. గడ్డలోకి అయోడిన్-125 గింజలు గుచ్చే బ్రాకీథెరపీ రెండు పరీక్షల్లో నెగ్గలేదు. సన్నని కిరణాలను ఒక్క బిందువు మీద గురిపెట్టే రేడియోసర్జరీతో అదనపు మోతాదు చేర్చిన పరీక్ష 2004లో అలాగే ముగిసింది. కృష్ణా జిల్లా మంటాడలో పుట్టి న్యూయార్కులో పేరు తెచ్చుకున్న నోరి దత్తాత్రేయుడు వంటివారి చేతుల్లో బ్రాకీథెరపీ ఇతర అవయవాల కేన్సర్లకు గొప్పగా పనిచేసింది. మెదడులో మాత్రం కణాలు గింజల పరిధి దాటి పాకిపోయి ఉండడంతో ఆ నేర్పు ఫలించలేదు. అర్ధ శతాబ్దం గడిచినా 60 గ్రే అన్న అంకె మారలేదు.

మారింది ఆ 60 గ్రే పడే మేర. సీటీ స్కాను రాకముందు గడ్డ సరిహద్దు తెలియదు కాబట్టి తల మొత్తానికీ ఇచ్చేవారు. ఫ్రెడ్ హోక్‌బర్గ్, ఏమీ ప్రూయిట్ 1980లో స్కాన్లనూ శవపరీక్షలనూ పోల్చి, తిరగబెట్టిన గడ్డల్లో సుమారు పదింట తొమ్మిది పాత గడ్డకు రెండు సెంటీమీటర్ల లోపలే వస్తున్నాయని చూపించారు. దాంతో తల మొత్తానికి ఇవ్వడం ఆగి, గడ్డ చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల వరకే ఇవ్వడం మొదలైంది. ఐరోపా మార్గదర్శకాలు 2023లో ఈ అంచును 1.5 సెంటీమీటర్లకు కుదించాయి. జ్ఞాపకశక్తి, చూపు, మాట దెబ్బతినకుండా మిగలడంలో ఈ ఒక్క మార్పుది పెద్ద పాత్ర. ఇప్పటికీ ఎక్కడైనా గ్లయోమాకు తల మొత్తం రేడియేషన్ అని చెబితే, ఎందుకని అడగడానికి రోగి ఇంటివారికి పూర్తి హక్కు ఉంది.

రేడియేషన్‌కు తోడుగా నిలిచిన మొదటి మందు టెమోజొలొమైడ్. ఐరోపా, కెనడా ఆసుపత్రులు 573 మందిపై చేసిన పరీక్షను రోజర్ స్టుప్ 2005లో ప్రచురించాడు. రేడియేషన్ జరుగుతున్నన్నాళ్లూ రోజూ చిన్న మోతాదు బిళ్ల, తరువాత నెలకు ఐదు రోజుల చొప్పున ఆరు విడతలు, ఇదీ పద్ధతి. సగం మంది దాటిన ఆయుష్షు 12.1 నెలల నుంచి 14.6కు పెరిగింది. వినడానికి ఇది స్వల్పంగా ఉంటుంది. రెండేళ్లు బతికినవారు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి, ఐదేళ్లు బతికినవారు 1.9 నుంచి 9.8 శాతానికి పెరగడం అసలు ఫలితం. గడ్డలో ఎంజీఎంటీ అనే జన్యువు మూసుకుపోయి ఉన్నవారికే ఈ మేలులో పెద్ద వాటా దక్కుతుందని అప్పుడే తేలింది. హైదరాబాదు నాట్కో వంటి మన కంపెనీల బిళ్లలు రావడంతో ఈ మందు మధ్యతరగతి ఇళ్లకు కొంత అందుబాటులోకి వచ్చింది. అది వాడేటప్పుడు వారం వారం రక్త పరీక్ష తప్పదు. ప్లేట్‌లెట్లు పడిపోతే మందు ఆపాలి. ఊపిరితిత్తికి వచ్చే ఒక జాతి న్యుమోనియాను అడ్డుకోవడానికి కోట్రైమోక్సజోల్ బిళ్ల ఇస్తారు.

స్టుప్ పరీక్షలో 70 ఏళ్లు దాటినవారు లేరు. గ్లయోబ్లాస్టోమా మాత్రం ఎక్కువగా వచ్చేది ముసలితనంలోనే. అందువల్ల వయసు మళ్లినవారికి ఏది తగునో వేరే పరీక్షలు కావలసి వచ్చాయి. ఈ సమీక్షలో కోవూరు పాఠకులకు అన్నిటికన్నా పనికొచ్చే భాగం ఇదే.

ఫ్రాన్సులో 70 దాటిన రోగులపై 2007లో వచ్చిన పరీక్ష మొదటి ప్రశ్నకు జవాబిచ్చింది. ఊరట చికిత్స ఒక్కటే అయితే 16.9 వారాలు, దానికి 50 గ్రే రేడియేషన్ కలిపితే 29.1 వారాలు. ముసలివాళ్లకు ఎందుకులే అన్న మాట అలా చెల్లకుండా పోయింది. అయితే ఆరు వారాలు అక్కర్లేదు. కెనడాలో విల్సన్ రోవా 60 దాటినవారిలో 30 సిట్టింగుల 60 గ్రేనూ 15 సిట్టింగుల 40 గ్రేనూ పోల్చి 2004లో ఫలితం చెప్పాడు: మొదటి గుంపుకు 5.1 నెలలు, రెండో గుంపుకు 5.6. చిన్న కోర్సు వారికి స్టెరాయిడ్ మందుల అవసరం కూడా తక్కువ పడింది. స్వీడన్, దాని ఇరుగుపొరుగు దేశాల పరీక్షలో 10 సిట్టింగుల్లో 34 గ్రే ఇచ్చిన పద్ధతి 70 దాటినవారిలో పాత పద్ధతికంటే మెరుగ్గా నిలిచింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చేయించిన పరీక్ష ఇంకా ముందుకెళ్లి, ముసలివారిలోనూ బలహీనుల్లోనూ 15 సిట్టింగులను కేవలం 5 సిట్టింగుల 25 గ్రేతో పోల్చింది. 98 మందే ఉన్న చిన్న పరీక్ష అయినా, 2015లో వచ్చిన ఫలితంలో ఒక వారం కోర్సు వెనకబడలేదు. ఆ తరువాత 2017లో జేమ్స్ పెర్రీ బృందం 65 దాటిన 562 మందికి 15 సిట్టింగులతోపాటు టెమోజొలొమైడ్ ఇచ్చి చూస్తే ఆయుష్షు 7.6 నెలల నుంచి 9.3కు పెరిగింది.

ఈ అంకెలను ఊరి లెక్కలోకి మారిస్తే ఇలా ఉంటుంది. విడవలూరులో 72 ఏళ్ల రైతుకు గ్లయోబ్లాస్టోమా అని తేలి, మనిషి ఇంకా తన పనులు తాను చేసుకోగలుగుతుంటే, మూడు వారాల రేడియేషన్, బిళ్లలు సరిపోతాయి. మంచానికి అతుక్కుపోయిన మనిషికి ఒక వారం కోర్సో, ఎంజీఎంటీ పరీక్ష అనుకూలంగా ఉంటే బిళ్లలు మాత్రమేనో, లేదా నొప్పి, వాపు తగ్గించే మందులతో ఇంటిపట్టున ఉండడమో న్యాయమైన వైద్యమే. ఈ ఇద్దరిలో ఎవరినైనా ఆరు వారాలు చెన్నై లాడ్జిలో ఉంచి 30 సిట్టింగులు పెట్టించడం వల్ల ఎక్కువ బతుకుతారని ఏ పరీక్షా చెప్పలేదు. ఉన్న ఆరు నెలల్లో ఆరు వారాలు పరాయి ఊళ్లో గడిచిపోతాయి. అదే 45 ఏళ్ల మనిషి విషయంలో లెక్క తిరగబడుతుంది. దూరం, ఖర్చు అని చెప్పి అతనికి కోర్సు కుదించడం తప్పు. అతనికి పూర్తి 60 గ్రే ఇవ్వాలి, మధ్యలో రోజులు ఎగ్గొట్టకూడదు.

ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న దీని వెంటే వస్తుంది. నెల్లూరు ప్రాంతపువారికి పెద్ద జబ్బంటే చెన్నై లేదా వెల్లూరు అన్న అలవాటు పాతది. దానికి కారణం లేకపోలేదు. దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని 1949లో జాకబ్ చాందీ ప్రారంభించింది వెల్లూరులో. ముత్తులక్ష్మి రెడ్డి చొరవతో అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైంది. పడుగుపాడులోనో నెల్లూరులోనో రైలెక్కితే చెన్నై కొద్ది గంటల ప్రయాణం. నెల్లూరులో రెడ్‌క్రాస్ నడిపే కేన్సర్ ఆసుపత్రి ఉంది. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రితోపాటు, టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో శ్రీ వేంకటేశ్వర కేన్సర్ సంస్థ 2022లో ప్రారంభమైంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో రేడియేషన్ చికిత్స కూడా ఉంది. అయితే తోడు మనిషి తిండి, గది అద్దె, పోయిన కూలి ఆ పథకం లెక్కలోకి రావు. వరి కోతల రోజుల్లో తోడు వెళ్లే మనిషి దొరకడమూ కష్టమే. ఆపరేషను, ముక్క పరీక్ష, జన్యు పరీక్షల వరకు పెద్ద కేంద్రంలో చేయించుకుని, రోజూ వెళ్లవలసిన రేడియేషన్‌ను సరైన యంత్రమూ ఫిజిసిస్టూ ఉన్న దగ్గరి ఊళ్లో పూర్తి చేసుకోవడం చాలా కుటుంబాలకు తెలివైన దారి.

యంత్రాల పేర్ల చుట్టూ ఆర్భాటం ఎక్కువ. కోబాల్ట్-60 యంత్రం దేశమంతటా దశాబ్దాల పాటు బరువు మోసింది. భాభా అణుపరిశోధన కేంద్రం భాభాట్రాన్ పేరుతో దాన్ని దేశంలోనే తయారుచేయించింది. కోబాల్ట్ శక్తి 5.27 ఏళ్లకు సగమవుతుంది కాబట్టి మూలం పాతబడిన కొద్దీ ఒక్కో సిట్టింగు సాగుతుంది. కిరణపు అంచు కూడా పదునుగా ఉండదు. మెదడుకు దానికంటే, విద్యుత్తుతో ఎక్స్‌కిరణాలు పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్ మేలన్నది నిజం. ఆపైన కిరణాలను గడ్డ ఆకారానికి తగ్గట్టు మలిచే ఐఎంఆర్‌టీ వంటి పద్ధతులతో కంటి నరాలు, మెదడు కాండం వంటి సున్నితమైన చోట్లను బాగా తప్పించవచ్చు. కంటి నరాలు కలిసే చోటికీ మెదడు కాండానికీ సుమారు 54 గ్రే దాటకుండా చూడాలన్నది పాటించే హద్దు. ఇంతకు మించి, ఫలానా కంపెనీ యంత్రం వల్ల గ్లయోబ్లాస్టోమా రోగి ఎక్కువ బతుకుతాడన్న దానికి ఆధారం లేదు. చెన్నైలో 2019లో ప్రారంభమైన అపోలో ప్రోటాన్ కేంద్రం దక్షిణాసియాలో మొదటిది. ప్రోటాన్ కిరణం లోతుకు చేరి అక్కడే ఆగిపోతుంది కాబట్టి దశాబ్దాలు బతకగల పడుచు రోగులకు, పుర్రె అడుగున వచ్చే గడ్డలకు దాని వల్ల లాభం ఉండవచ్చు. గ్లయోబ్లాస్టోమా కోసం ఇల్లు తాకట్టు పెట్టి ప్రోటాన్ చేయించవలసిన పని లేదు.

చికిత్స జరిగే తీరులో భయపడవలసింది తక్కువ. వేడినీటిలో మెత్తబడిన ప్లాస్టిక్ వలను ముఖం మీద పరిచి అచ్చు తీస్తారు. ఆ మాస్కు తొడిగితే తల ఇంచుమించు కదలదు. మాస్కుతో సీటీ తీసి, ఆపరేషను తరువాతి ఎమ్మారైని దానితో జోడించి, డాక్టరు గడ్డ మేరను గీస్తాడు, ఫిజిసిస్టు లెక్క కడతాడు. ఆపరేషను గాయం మానడానికి సమయమిచ్చి, సాధారణంగా మూడు నుంచి ఆరు వారాల లోపు మొదలుపెడతారు. సిట్టింగు కొద్ది నిమిషాలే. నొప్పి ఉండదు, మత్తు అక్కర్లేదు. బయటి నుంచి ఇచ్చే కిరణం ఒంట్లో మిగలదు కాబట్టి ఆ మనిషి ఇంటికొచ్చి మనవళ్లను ఎత్తుకోవచ్చు, ఒకే కంచంలో తినిపించవచ్చు. ఈ సంగతి తెలియక రోగిని విడిగా ఉంచే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

నెమ్మదిగా పెరిగే గ్లయోమాల దారి వేరు. ఐరోపా పరీక్ష ఒకటి ఆపరేషను అయిన వెంటనే రేడియేషన్ ఇవ్వడాన్నీ, గడ్డ మళ్లీ పెరిగేదాకా ఆగడాన్నీ పోల్చింది. వెంటనే ఇచ్చినవారిలో జబ్బు 5.3 ఏళ్లు అదుపులో ఉంది, ఆగినవారిలో 3.4 ఏళ్లు. మొత్తం ఆయుష్షు మాత్రం 7.4, 7.2 ఏళ్లతో ఇంచుమించు ఒకటే. గడ్డ పూర్తిగా తీయగలిగిన, 40 ఏళ్లలోపు, ఇబ్బందుల్లేని రోగి ఎమ్మారైలతో కనిపెట్టుకుని ఉండవచ్చునన్న పద్ధతి అలా స్థిరపడింది. చికిత్స అవసరమైనవారికి 54 గ్రే ఒక్కటే సరిపోదనీ, దాని తరువాత ప్రొకార్బజిన్, లోముస్టిన్, విన్‌క్రిస్టిన్ మూడు మందులూ ఇస్తే ఆయుష్షు 7.8 ఏళ్ల నుంచి 13.3కు పెరుగుతుందనీ అమెరికా పరీక్ష తేల్చింది. ఆ ఫలితం రావడానికి రోగులను పదేళ్ల పైన వెంబడించవలసి వచ్చింది. 1పీ, 19క్యూ పోయిన దుష్టగడ్డల్లోనూ ఇవే మందులు 7.3 ఏళ్లను 14.7 చేశాయి. ఐడీహెచ్ మార్పు ఉన్న రెండో గ్రేడు గడ్డలకు వోరాసిడెనిబ్ అనే బిళ్ల జబ్బు కదలకుండా ఉండే కాలాన్ని 11.1 నెలల నుంచి 27.7 నెలలకు పెంచిందని 2023లో తేలింది. దాంతో రేడియేషన్‌ను ఇంకా వెనక్కి జరపవచ్చునన్న ఆశ కలిగింది. ధర మాత్రం సామాన్యుడికి అందేది కాదు.

వేరే చోటి నుంచి మెదడుకు పాకిన కేన్సర్‌లో తల మొత్తం రేడియేషన్, అంటే పది సిట్టింగుల్లో 30 గ్రే, దశాబ్దాల పాటు ఒక్కటే మంత్రం. గడ్డలు ఒకటి నుంచి నాలుగు ఉన్నప్పుడు ఇప్పుడు రేడియోసర్జరీదే మొదటి చోటు. స్వీడన్ శస్త్రవైద్యుడు లార్స్ లెక్సెల్ 1951లో ఊహించి, 1968లో గామా నైఫ్‌గా అమలు చేసిన పద్ధతి ఇది. సన్నని కిరణాలు వందల దిక్కుల నుంచి ఒక్క బిందువు దగ్గర కలుస్తాయి, ఒక్క సిట్టింగులో పని అయిపోతుంది. దీనికి తల మొత్తం రేడియేషన్‌ను కలిపితే కొత్త గడ్డలు తగ్గుతాయి కానీ ఆయుష్షు పెరగదు, తెలివి మాత్రం మందగిస్తుంది. 2016లో వచ్చిన అమెరికా పరీక్షలో మూడు నెలలకు జ్ఞాపకం, ఆలోచన తగ్గినవారు రేడియోసర్జరీ ఒక్కటే అయితే 63.5 శాతం, రెండూ కలిపితే 91.7 శాతం. జపానులో పది దాకా గడ్డలున్నా రేడియోసర్జరీ చాలునని చూపారు. తల మొత్తం ఇవ్వక తప్పని చోట, జ్ఞాపకాలకు నెలవైన హిప్పోకాంపస్‌ను కిరణాల నుంచి తప్పించి, మెమాంటిన్ బిళ్ల ఇస్తే నష్టం తగ్గుతుందని 2020లో రుజువైంది.

అసలు ఇవ్వకపోవడమే మేలైన సందర్భమూ ఉంది. బ్రిటన్‌లో ఊపిరితిత్తి కేన్సర్ మెదడుకు పాకి, ఆపరేషనుకూ రేడియోసర్జరీకీ పనికిరాని 538 మందిలో సగం మందికి తల మొత్తం రేడియేషన్, సగం మందికి వాపు తగ్గించే డెక్సామెథసోన్, ఊరట చికిత్స మాత్రమే ఇచ్చారు. ఆయుష్షు 9.2 వారాలు, 8.5 వారాలు. బతుకు నాణ్యతలోనూ తేడా కనిపించలేదు. బాగా నీరసించిన అటువంటి రోగిని ఇంటికి పంపి వాపు తగ్గే మందు ఇవ్వడం చేతులెత్తేయడం కాదని ఈ పరీక్ష వచ్చాక డాక్టర్లు ధైర్యంగా చెప్పగలుగుతున్నారు.

మెదడు లింఫోమా అనే మరో రకం కేన్సర్‌లో రేడియేషన్ రెండో వరసకు వెళ్లిపోయింది. ఒకప్పుడు తల మొత్తం కిరణాలు పెడితే గడ్డ మంచులా కరిగేది, కొన్ని నెలలకే తిరగబెట్టేది. మెథోట్రెక్సేట్‌ను పెద్ద మోతాదులో ఇవ్వడం మొదలయ్యాక కథ మారింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం నుంచి వచ్చిన మందు అది. ఇప్పుడు రేడియేషన్‌ను మందుకు లొంగని జబ్బుకో, తగ్గించిన మోతాదుతో ముగింపు చికిత్సగానో వాడతారు. 60 దాటినవారిలో ఈ రెండూ కలిస్తే మతిమరుపు తీవ్రంగా వస్తుంది కాబట్టి అక్కడ మరింత జాగ్రత్త పడతారు.

బాధలు మూడు కాలాల్లో వస్తాయి. చికిత్స జరుగుతుండగా అలసట, కిరణం పడిన చోట జుట్టు రాలడం, వాపు వల్ల తలనొప్పి, వాంతులు. వాపుకు ఇచ్చే డెక్సామెథసోన్ షుగరును ఒక్కసారిగా పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది, నోట్లో తెల్లపూత తెస్తుంది. బాగుందని చెప్పి ఆ బిళ్లను ఒక్కరోజులో మానేయకూడదు, మెట్లు మెట్లుగా తగ్గించాలి. ఫిట్స్ మందు సైతం అంతే. రెండో కాలం చికిత్స ముగిసిన ఒకటి రెండు నెలలకు వస్తుంది. మనిషి రోజంతా మగతగా ఉంటాడు. ఆ రోజుల్లో తీసిన ఎమ్మారైలో గడ్డ పెరిగినట్టు కనిపించి, చాలాసార్లు అది చికిత్స వల్ల వచ్చిన వాపే అవుతుంది. మొదటి మూడు నెలల్లో స్కానింగు ఒక్కటే చూసి జబ్బు ముదిరిందని టెమోజొలొమైడ్ ఆపేయడం తొందరపాటు. మూడో కాలం ఆరు నెలల నుంచి ఏళ్ల వరకు. కణజాలం చచ్చి గడ్డలా ఏర్పడే నెక్రోసిస్, మతిమరుపు, పిట్యూటరీ హార్మోన్ల తగ్గుదల అప్పుడు వస్తాయి. నెక్రోసిస్‌కు స్టెరాయిడ్లు, అవి చాలకపోతే బెవాసిజుమాబ్ ఇంజెక్షను వాడతారు. గ్లయోబ్లాస్టోమాకు మొదటి చికిత్సగా చేర్చినప్పుడు ఆయుష్షు పెంచలేకపోయిన బెవాసిజుమాబ్ ఇక్కడ మాత్రం ఉపయోగపడుతోంది.

తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమాకు రెండోసారి రేడియేషన్ కొందరికి ఇవ్వవచ్చు. మొదటిదానికీ దానికీ కనీసం ఆరు నెలల ఎడం, చిన్న గడ్డ, లేచి తిరిగే మనిషి అయితేనే ఆలోచిస్తారు. పది సిట్టింగుల్లో 35 గ్రేను బెవాసిజుమాబ్‌తో కలిపి ఇచ్చిన అమెరికా పరీక్షలో జబ్బు కొంతకాలం ఆగింది, ఆయుష్షు పెరగలేదు. ఈ దశలో పరిశోధనలు ఇంతకు మించి హామీ ఇవ్వవు.

రేడియేషన్ మొదలుపెట్టే ముందు ఇంటివారు డాక్టరును అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ముక్క పరీక్షలో, జన్యు పరీక్షలో ఏం తేలింది? తలలో ఎంత మేరకు ఇస్తున్నారు? ఎన్ని సిట్టింగులు, అంతకంటే తక్కువలో ఇదే ఫలితం వస్తుందా? మొదటిదానికి జవాబు కాగితం మీద ఉండాలి. 65 దాటిన రోగి విషయంలో మూడో ప్రశ్న అడగకుండా ఆరు వారాలకు చెన్నైలో గది మాట్లాడుకోవద్దు.